కిరాయి ఖాతాలు

మిర్యాలగూడ రైస్ మిల్లుల్లో బస్తాలు మోసే హమాలీలు ఒకప్పుడు కూడి పెట్టుకున్న పొదుపు సంఘం అది. పేరు శ్రమజీవి. షావుకారు గడప తొక్కే బాధ తప్పాలని నెలనెలా తలా ఇంత వేసుకొని, అవసరమైనవాళ్లు అందులోంచే అప్పు తీసుకొనేవాళ్లు. తరవాత టీచర్లు, ఆటోవాళ్లు, కూరగాయలమ్మే ఆడవాళ్లు కూడా సభ్యులయ్యారు. సంఘం నిలదొక్కుకున్నాక మిగులులో కొంత పక్కకు తీసి ఒక ట్రస్టు పెట్టారు. బళ్లలో, జూనియర్ కాలేజీల్లో చదివే పిల్లలకు డబ్బు సంగతులు నేర్పడం ఆ ట్రస్టు పని. ఖాతా ఎట్లా తెరవాలి, వడ్డీ మీద వడ్డీ ఎట్లా పెరుగుతుంది, ఫోనులో అప్పిచ్చే యాప్‌లు మెడకు ఎట్లా చుట్టుకుంటాయి, ఇవన్నీ చెప్పేవాళ్లు. దానికి 'రూపాయి బడి' అని పేరు పెట్టింది సంఘం అధ్యక్షుడు సోమన్న. ఆయనా ఒకప్పటి హమాలీయే.

ఆ బడికి ఉన్న ఒకే ఒక్క పంతులమ్మ ప్రమీల. ఊరు దామరచర్ల. భర్తకు వాడపల్లి దగ్గర సిమెంటు ఫ్యాక్టరీలో షిఫ్టు డ్యూటీ. ఆమె పాఠం చెప్పేటప్పుడు గొంతు పెంచదు, నవ్వించాలని చూడదు. అయినా పిల్లలు వింటారు. తమను చిన్నపిల్లల్లా చూడకుండా డబ్బు గురించి మాట్లాడిన పెద్దమనిషి వాళ్లకు అంతకుముందు తగిలి ఉండదు.

రూపాయి బడి కరపత్రం మీద ఒక కుర్రవాడి ఫోటో ఉండేది. అతని పేరు ఏసుబాబు. ప్రమీల వెళ్లే చర్చికే అతని తల్లి దేవమ్మ కూడా వస్తుంది. తండ్రి చనిపోయిన ఏడాదే అతను రూపాయి బడి మొదటి బ్యాచిలో కూర్చున్నాడు. చెప్పింది చెప్పినట్టు పట్టుకొనేవాడు. ఇంటర్ అయ్యాక సంఘంలోనే చిన్న అప్పు తీసుకొని, సూర్యాపేటలో నెట్ సెంటర్ పెట్టి, గడువుకు ముందే తీర్చేశాడు. ఆ పైన వాలంటీరుగా చేరి, కోదాడ కాలేజీ పిల్లలకు ఖాతాలు తెరిపించే పని మీద వేసుకున్నాడు. బడి గురించి ఎవరైనా అడిగితే ప్రమీల ముందు అతని పేరే చెప్పేది.

ఆ ఏడు దసరా సెలవుల తరవాత ఒక రోజు ప్రమీల కోదాడలో పాఠం చెబుతోంది. ఆ రోజు విషయం ఖాతాల మోసాలు.

"మీ ఖాతా ఎవరికైన వాడుకోను ఇచ్చిండ్రనుకోండి. ఏటీఎం కార్డు, సిమ్ము అన్నీ. ఎక్కడో ఒక ముసలాయనను ఫోన్‌ల భయపెట్టి గుంజిన పైసలు మీ ఖాతాలకు వస్తయి, గంటల మాయమైతయి. పోలీసులు వెతుక్కుంట వచ్చేది ఎవరి ఇంటికి?"

ఎప్పుడూ ఈ పాఠానికి ప్రశ్నలు వానలా కురిసేవి. ఆ రోజు తరగతిలో ఎవరూ కదల్లేదు. వెనక బెంచీల అబ్బాయిలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. కాసేపటికి కిటికీ పక్కనుంచి ఒకడు లేచాడు.

"తెలియక ఇస్తే కూడా కేసవుతుందా మేడమ్?"

"తెలిసిందా తెలువదా అని తర్వాత అడుగుతరు. ముందైతే ఖాతా మీద ఉన్న పేరు మీదే గద."

వాడు కూర్చున్నాడు. పాఠం అయ్యాక రోజూ చుట్టూ మూగే పిల్లలు ఆ రోజు తల వంచుకొని బయటికి వెళ్లిపోయారు. ప్రమీల బల్ల మీది కాగితాలు సర్దుకుంటూ దాన్ని గమనించింది. కారణం మాత్రం తట్టలేదు.

కారణం బస్టాండు దాకా వెతుక్కుంటూ వచ్చింది. రమ్య అనే అమ్మాయి, ఇంటర్ రెండో ఏడు. మిర్యాలగూడ బస్సు వచ్చే చోట నిలబడి, చున్నీ కొస వేలికి చుట్టుకుంటూ విప్పుకుంటూ ఉంది.

"మేడమ్, మీతో ఒక మాట చెప్పాలండి."

"చెప్పు."

"మా ఖాతాలు ఇచ్చామండి. నేనూ, మా క్లాసులో ఇంకొంతమందిమి. కార్డులు కూడా ఇచ్చేశాం. ఏసుబాబు అన్న అడిగాడండి. ఇది రూపాయి బడి వాళ్ల ప్రాక్టీసే, మీకు ఖర్చులకు కొంత వస్తుంది అన్నాడు. రెండు వేలు ఇచ్చాడు కూడా. నిన్న స్కాలర్‌షిప్ పడిందేమోనని బ్యాంకుకి వెళ్లాను. ఖాతా ఆపేశారంట. వేరే రాష్ట్రం పోలీసుల నుంచి ఫిర్యాదు ఉందన్నారు."

బస్సు వచ్చి ఆగింది. ప్రమీల ఎక్కలేదు. అబద్ధం అయి ఉండాలని ఆమెకు మొదట అనిపించింది. అమ్మాయి ముఖం చూస్తే అబద్ధంలా లేదు. కూర్చోబెట్టి, ఎప్పుడు ఇచ్చారు, ఏమేం ఇచ్చారు, అతను సరిగ్గా ఏ మాట అన్నాడు అని ఒక్కొక్కటే అడిగింది. రమ్య దాచకుండా చెప్పింది.

"ఇంట్ల చెప్పినవా?"

"నాన్నకి చెబితే చదువు మాన్పించేస్తాడండి."

"అయినా ఇయ్యాలనే చెప్పు. పోలీసుల నోటి నుంచి వినేకంటే నీ నోటి నుంచి వినుడే నయం."

తరవాతి బస్సులో ప్రమీల కిటికీ పక్కన కూర్చుంది. హుజూర్‌నగర్ దాటేదాకా ఆమె ఆలోచించింది రమ్య గురించి కాదు, ఏసుబాబు గురించి. ప్రాక్టీసు అన్న మాట అతను ఎక్కడ పట్టుకున్నాడో ఆమెకు తెలుసు. ఖాతా తెరిచే ఫారాలు పిల్లల చేత నింపించేటప్పుడు ఆమే వాడే మాట అది.

సంఘం ఆఫీసులో సోమన్న మహాజన సభ ఏర్పాట్లలో ఉన్నాడు. ఏటా జరిగే ఆ సభలో లెక్కలు చెబుతారు, కమిటీని ఎన్నుకుంటారు. ఆ ఏడాది ఏసుబాబుకు సన్మానం కూడా పెట్టారు. శాలువా అప్పటికే కొని బీరువాలో ఉంచారు. ప్రమీల చెప్పింది అంతా విని ఆయన బీరువా తలుపు దగ్గరికి వేశాడు.

"పోరలు ఇచ్చిండ్రు, వాడు తీస్కున్నడు. దీంట్ల సంఘం ఏడ ఉన్నది?"

"సంఘం పేరు చెప్పి తీస్కున్నడు సోమన్నా."

"సూడు బిడ్డా. చిట్టీలోడు ఎత్తేసి పోయిన నాడు నేను గాడనే ఉన్న. ఆడోళ్లు వాని ఇంటి ముందర దుమ్మెత్తి పోసిండ్రు. మన సంఘానికి గసొంటి గాలి సోకినా సాలు, తెల్లారేసరికి కౌంటర్ ముందు లైన్ కడ్తరు. మిల్లుల నడుములు ఇరగ్గొట్టుకున్న ముసలోళ్ల పైసలున్నయి గందుల. సభ అయిపోనీ. తర్వాత సూద్దం."

"సభల వానికి శాలువా కప్పుతరా?"

సోమన్న సభ కాగితాలు ముందుకు లాక్కున్నాడు.

"నేను రేపు సూర్యాపేట పోతున్న," అంది ప్రమీల.

"సంఘం తరఫున పోతున్నవా, నీ తరఫునా?"

"మీరే చెప్పుండ్రి."

"నేనేం చెప్పలె. నువ్వేం అడగలె."

మింగలేక కక్కలేక అన్న మాట అది. ప్రమీల దాన్ని అట్లాగే తీసుకొని ఇంటికి వెళ్లింది.

ఏసుబాబు నెట్ సెంటర్ సూర్యాపేట పాత బస్టాండు వెనక సందులో ఉంది. ముందు రెండు కంప్యూటర్లు, ఒక పెద్ద జిరాక్స్ మిషను. గోడకు రూపాయి బడి కరపత్రం అంటించి ఉంది. ఆధార్ జిరాక్స్ కోసం వచ్చిన ముసలాయన ఒకడు కుర్చీలో ఉన్నాడు. ప్రమీలను చూడగానే ఏసుబాబు లేచి నిలబడ్డాడు. పక్క హోటలుకు కేకేసి చాయ్ చెప్పాడు.

"చాయ్ తర్వాత," అంది ప్రమీల. "రమ్య ఖాతా ఆగిపోయింది."

"ఏ రమ్య అక్కా?"

"కోదాడ రమ్య."

అతని నవ్వు వెంటనే పోలేదు, అంచుల నుంచి కొద్దికొద్దిగా పోయింది. ముసలాయన చేతిలో కాగితాలు పెట్టి, డబ్బులు తీసుకోకుండానే పంపించేశాడు. తరవాత ప్రమీల ఎదురుగా కూర్చున్నాడు. అతను ఏడుస్తాడని గాని, అరుస్తాడని గాని ఆమె అనుకుంది. రెండూ జరగలేదు.

"గేమింగ్ కంపెనీ అని చెప్పిండ్రక్కా. హైదరాబాద్‌ల ఒకడు ఉంటడట, మనిషిని నేను సూడలే. అంత ఫోన్‌లనే. పైసలు తిప్పెటందుకు ఖాతాలు కావాలె, ఒక్కోదానికి ఇంత అని ఇస్తమన్నరు."

"మొదట గట్ల అన్నరు. తర్వాత?"

"తర్వాత తెలిసింది."

"తెలిసినంక ఆపినవా?"

"తెలిసినంకనే ఎక్కువ తీస్కున్న," అన్నాడు అతను. దాచుకుందామన్న ప్రయత్నం కూడా చేయలేదు. "కంప్యూటర్లకు ఈఎంఐ ఉన్నది. దుకాణం ఓనరు కిరాయి పెంచిండు. అన్నిటికి సరిపోయేటట్టు వచ్చింది."

"పోరలకు మా పేరు ఎందుకు చెప్పినవ్?"

"మీ పేరు చెప్తేనే ఇస్తరు గద అక్కా."

ప్రమీల గోడ మీది కరపత్రం వైపు చూసింది. అతనే మళ్లీ అన్నాడు: "మీరే గద నేర్పింది. పైస ఊకె కూసోవద్దు, పని జెయ్యాలె అని. ఆళ్ల ఖాతాలు ఊకెనే ఉన్నయి. సున్న బ్యాలెన్సు. గవాటికి కిరాయి వస్తుంటే తప్పేంది అనిపిచ్చింది."

అది ఆమె మాటే. చక్రవడ్డీ పాఠంలో ప్రతి ఏడూ, ప్రతి ఊళ్లో చెప్పే మాట. అందులో తప్పేముందో వెతికితే దొరకదు. దాని పక్కన చెప్పాల్సిన ఇంకో మాట ఉండాలి. అదేమిటో ఆమెకు అప్పటికప్పుడు స్ఫురించలేదు.

"గా పైసలు ఎవరివి?" అని మాత్రం అడిగింది.

"తెల్వదు."

"తెల్వదా, అడగలేదా?"

"అడగలె."

హోటలు కుర్రాడు చాయ్ పెట్టి వెళ్లాడు. ఏసుబాబు ప్రింటరు కింద చెయ్యి పెట్టి ఒక ప్లాస్టిక్ కవరు తీశాడు. నిండా ఏటీఎం కార్డులు. దాన్ని బల్ల మీద ఆమె వైపు నెట్టాడు.

"ఇవి తీస్కపోండి అక్కా. ఎవరివి వాళ్లకు ఇచ్చేయుండ్రి. గా హైదరాబాదోని ఫోన్ వారం నుంచి బందుంది. నేను గూడ ఇంక ఈ పని ఖతం చేస్త. మీ మీద ఒట్టు."

ప్రమీల కవరు ముట్టలేదు. "నువ్వే తీస్కొని రా. పోలీస్ స్టేషన్‌కు పోదాం."

అతను ఫోన్ తీసి ఎవరికో చేశాడు. రెండు మాటలు మాట్లాడి ఆమె చేతికిచ్చాడు. అవతల దేవమ్మ. దామరచర్ల పవర్ ప్లాంటు పనివాళ్ల క్యాంటీన్లో ఆమె వంట చేస్తుంది. వెనక గిన్నెల చప్పుడు వినిపిస్తోంది.

"ప్రమీలా, వాని నాయిన పోయినంక నువ్వే గద వానికి దారి సూపిచ్చినవ్. ఇప్పుడు నువ్వే పట్టిస్తవా?"

"నేను పట్టిచ్చుడు కాదు దేవమ్మక్కా. వాళ్లు ఎట్లయినా వస్తరు. వాళ్లొచ్చి గుంజుకపోతే ఒక తీరు, తనంత తాను పోతే ఒక తీరు."

"గదంత నాకు తెల్వది. నా కొడుకును ఇంటికి తోలు."

"అక్కా..."

"ఇంటికి తోలు," అని మళ్లీ అని దేవమ్మ ఫోన్ పెట్టేసింది.

ఏసుబాబు చాయ్ తాగాడు. చల్లారిపోయిన ప్రమీల చాయ్ కూడా అతనే తాగాడు. ఆ తరవాత కంప్యూటర్లు ఆపి, షట్టరు దించి, కవరు చంకలో పెట్టుకొని ఆమె వెంట నడిచాడు. పశ్చాత్తాపంతో వచ్చాడని ఆమె అనుకోలేదు. పైన ఉన్నవాడి ఫోన్ ఆగిపోవడంతో అతనికి భయం పట్టుకుంది. ఒక్కడే పోవడానికి ధైర్యం చాలక, తోడు దొరికితే వచ్చాడు.

"ఎన్నేండ్లు పడ్తది?" అని దారిలో అడిగాడు.

"నాకు తెల్వదు."

"మీకు తెల్వనిది గూడ ఉంటదా అక్కా," అని నవ్వబోయాడు గాని అది నవ్వు కాలేదు.

స్టేషన్లో సైబర్ కేసులు చూసే ఎస్సై కవరు విప్పి కార్డులు బల్ల మీద పరిచాడు. ఆ పేర్లలో కొన్నిటి మీద ఆయనకు అప్పటికే ఉత్తరాది పోలీసుల నుంచి మెయిల్ వచ్చి ఉంది. ఏసుబాబును అక్కడే ఉంచారు. మరునాడు కోదాడ పిల్లలు తల్లిదండ్రులతో వచ్చి వాంగ్మూలాలు ఇచ్చారు. రమ్య తండ్రి అరవలేదు, తిట్టలేదు, గోడకు ఆనుకొని నిలబడ్డాడు. పిల్లలను సాక్షులుగా చూస్తామని ఎస్సై చెప్పాక రమ్య తండ్రి ప్రమీల దగ్గరికి వచ్చాడు.

"మీ మీద నమ్మకంతోనే ఇచ్చిందండీ మా అమ్మాయి," అన్నాడు.

"ఔనండి," అంది ప్రమీల.

ఇంకేమైనా అంటుందేమోనని ఆయన కాసేపు చూశాడు. ఆయన కూతురిని బండి ఎక్కించుకొని వెళ్లిపోయాడు. చదువు మాత్రం మాన్పించలేదు.

పేపర్లో చిన్న వార్త వచ్చింది. ఒక పొదుపు సంఘం వాలంటీరు అని రాశారు, పేరు వేయలేదు. మిర్యాలగూడలో పేరు వేయనక్కర్లేదు. సభ నాటికి మిల్లు గేట్ల దగ్గర, కూరగాయల మార్కెట్లో అదే మాట. సభ రోజు పొద్దున మత్తయ్య అనే పాత హమాలీ ఒకాయన సోమన్నను రోడ్డు మీద ఆపి, "నిజమేనా సోమన్నా?" అని అడిగాడట. ఇద్దరూ ఒక్క బస్తాకు రెండు కొసలు పట్టినవాళ్లు. ఆయనకు అబద్ధం చెప్పడానికి సోమన్నకు నోరు రాలేదట.

ఫంక్షన్ హాలు నిండిపోయింది. సోమన్న లెక్కల జోలికి పోకుండా నేరుగా మైకు పట్టుకున్నాడు.

"పేపర్ల వచ్చినోడు మనోడే. మన బడి పిలగాడే. మన కాయితం మీద ఫోటో ఉన్నోడే. ఇంటి దొంగను ఈశ్వరుడు గూడ పట్టలేడంటరు. మనమూ పట్టలే. కోదాడ పోరి వచ్చి చెప్తే తెలిసింది. ప్రమీల నాకు చెప్తే, సభ అయినంక సూద్దమన్న. గది నా తప్పు. సంఘం పైసల ఒక్క రూపాయి పోలే. అయినా నమ్మకం లేనోళ్లు రేపు పొద్దుగాల రాండ్రి. ఎవరి పైసలు వాళ్లకిస్తం. నేను కౌంటర్ కాడనే ఉంట."

హాలులో గోల లేచింది. బడి మూసెయ్యాలని కొందరు, ఒక్కడి కోసం అందరిని ఎందుకు ఆపాలని కొందరు. చేతులెత్తించి చూశారు. బడి ఉండాలన్నవాళ్లు కొద్దిగా ఎక్కువ తేలారు. ట్రస్టుకిచ్చే డబ్బు మాత్రం సగం కోశారు. శాలువా సంగతి ఎవరూ ఎత్తలేదు.

తెల్లారి సోమన్న చెప్పినట్టే లైను కట్టారు. ఆయన చెప్పినట్టే కౌంటర్ పక్కన కుర్చీ వేసుకొని కూర్చున్నాడు. కోపంగా వచ్చినవాళ్లలో కొందరు ఆయన్ను చూసి వెనక్కి తిరిగిపోయారు. చాలామంది తీసుకొనే పోయారు. చదవడం రానివాళ్లకు ప్రమీల చీటీలు రాసిపెడుతోంది. మధ్యాహ్నానికి ఆమె ముందుకు దేవమ్మ వచ్చింది.

తన పాస్‌బుక్కు బల్ల మీద పెట్టింది.

"వకీలుకు ఇయ్యాలె," అంది దేవమ్మ. "అంత తియ్యి."

"బెయిలు వస్తదంటున్నడా?"

"వస్తదనే అంటున్నడు. ఎప్పుడొస్తదో చెప్తలేడు."

ప్రమీల చీటీ రాసింది. దేవమ్మ వేలిముద్ర వేయబోయి ఆగింది.

"అంత తీస్తే సభ్యత్వం పోతదా?"

"పోతది. నూరు రూపాలు ఉంచితే ఉంటది."

"అయితే నూరు ఉండనీ," అంది. వేలిముద్ర వేసి, సిరా వేలును చీర చెంగుకు తుడుచుకుంది. వెళ్లేటప్పుడు ప్రమీల వైపు చూడలేదు. ఆ తరవాత చాలా ఆదివారాలు చర్చిలో కూడా వేరే వరసలోనే కూర్చుంది.

ఏసుబాబుకు బెయిలు రావడానికి చలికాలం గడిచిపోయింది. కేసు ఇంకా నడుస్తోంది. నెట్ సెంటర్ మూతపడింది, కంప్యూటర్లు ఫైనాన్సువాళ్లు తీసుకుపోయారు. అతను దామరచర్లలో ప్లాంటు పనికి పోతున్నాడని, తల్లి క్యాంటీన్లోనే మధ్యాహ్నం అన్నం తింటాడని ప్రమీల విన్నది. ఒకసారి బస్సులోంచి చూసింది. తలకు గుడ్డ కట్టుకొని, ఇనుప చువ్వలు దించుతున్నాడు. అతను ఆమెను చూడలేదు.

రమ్య ఖాతా తెరుచుకోవడానికి చాలా కాలం పట్టింది. ఈలోగా డిగ్రీ చేరే వేళ వస్తే, ఆమె ఫీజు సంగతి సోమన్న కమిటీ ముందు పెట్టి సంఘం నుంచే కట్టించాడు. ఆమె తండ్రి వచ్చి, అది అప్పుగానే రాయించుకొని పోయాడు.

కోదాడ కాలేజీ మళ్లీ రూపాయి బడిని పిలవలేదు. సూర్యాపేటలో రెండు చోట్ల రావద్దన్నారు. ఆఖరికి పక్కనున్న ఆత్మకూర్ (ఎస్) ఊరి బడి నుంచి పదో తరగతి పిల్లలకు చెప్పమని కబురు వచ్చింది. ప్రమీల కొత్త కరపత్రం ఏమీ లేకుండా వెళ్లింది. బోర్డు మీద 'ఖాతా' అని రాసి ఇటు తిరిగేసరికి ముందు బెంచీలోంచి ఒక పిల్ల లేచి నిలబడింది.

"మేడం, కోదాడల అకౌంట్లు తీస్కొని మోసం జేసినోడు మీ పిలగాడేనట గద?"

పక్క పిల్ల ఆమె చెయ్యి గుంజింది. గుమ్మంలో నిలబడ్డ సారు గొంతు సవరించుకున్నాడు. ప్రమీల సుద్దముక్క బల్ల మీద పెట్టింది.

"ఔ, మా దగ్గర చదువుకున్నోడే," అంది. "చాల మంచిగ చదువుకున్నోడు. ఖాతా తెరుసుడు తర్వాత నేర్సుకుందాం. ముందు వాని సంగతి చెప్త, ఇనుండ్రి."

వెనక బెంచీల పిల్లలు లేచి వచ్చి, ముందున్నవాళ్ల పక్కన ఇరుక్కొని కూర్చున్నారు.